రీముకు ఇరవై సెకన్లు

దరఖాస్తులో మొదటి గడి, పేరు.
ప్రణాలి కోమరయ్యా దుర్గే.
ఇంట్లో మేం దుర్గమోళ్లం.
ఒకటో తరగతిలో చేర్చుకున్న మరాఠీ గురూజీ
చివరి సున్నా తీసేసి
నెత్తిన ఒక గీత గీశాడు.
ఒక ఆకారం సాగి ఇంకో ఆకారం కావడం
నేను మొదటిసారి చూసింది అక్కడే.
అప్పటికి ఆరేళ్లు. ఏడ్చానంతే.

రెండో గడి, కోర్సు.
దీనికి నెలన్నర పట్టింది.
హైదరాబాదులో ఒకటి, ఏడాదికి మూడు లక్షలు.
నేను హలో అనేలోపే ఆ అమ్మాయి
జాబ్ గ్యారంటీ అని రెండుసార్లు అంది.
ఇక్కడ తెలుగుదాన్ని, అక్కడికి పోతే నాన్‌లోకల్‌ని.
పుణేలో ఇంకొకటి. ఫొటోల నిండా కొత్త కంప్యూటర్లు,
పిల్లలు గీసిన బొమ్మ ఒక్కటీ లేదు.
ముంబైలో సర్కారుది. పదిహేను సీట్లు,
పరీక్ష, ఆ పైన ఇంటర్వ్యూ.
కింద చిన్న అక్షరాల్లో
"మీ పెన్సిళ్లు మీరే తెచ్చుకోవాలి" అని ఉంది.
ఆ ఒక్క ముక్కకే పడిపోయాను.

"బొమ్మలకు డిగ్రీనా?" అంది అమ్మ.
"అదీ డిగ్రీ మీద డిగ్రీనా?"
కాగజ్‌నగర్ మామ ఫోన్ చేసి
బి.ఎడ్. ఫారం కూడా పంపించాడు.

నాయిన మాత్రం ఏమీ అనలేదు.
ముప్పై ఒక్క ఏళ్లుగా బల్లార్షా మిల్లులో
రీములు కట్టే మనిషి.
ఊరంతా ఉడికిన క్యాబేజీ కంపు.
కొత్తవాళ్లు ముక్కు మూసుకుంటారు,
మాకేమో ఆ కంపు రాని రోజే భయం.
అంచు చిరిగినవి, మచ్చ పడ్డవి
రాత్‌పాళీ నుంచి డబ్బా సంచిలో తెచ్చేవాడు.
నేను మూలలు వంచి ఫరఫరా వదిలితే
వాటి మీద కాకి లేచేది,
వెదురు లారీ కుదుపులకు ఊగేది.

మొన్న అడిగాడు, "సెకండుకు ఎన్ని?"
"ఇరవై నాలుగు."
పెదాల మీదే లెక్కేసుకున్నాడు.
"అంటే రీముకు ఇరవై సెకండ్లు.
ఇరవై కాగితాలు మిగుల్తయి."
కొంచెం ఆగి,
"గంతేనా?"

పన్నెండు బొమ్మలతో కూడా నడుస్తది నాయినా,
ఒక్కోటి రెండుసార్లు చూపిస్తే, అన్నాను.
"గది ముందు చెప్పొద్దా!" అన్నాడు,
ఖర్చు సగం తగ్గినట్టు.

పోర్ట్‌ఫోలియోకి ఆయన నడకే గీశాను.
పదహారు బొమ్మలు. నడిచింది ఎవరో.
కుడి మోకాలు బరువు సరిచేశాను, భుజం దించాను,
అయినా ఎవరో.
మూడు రోజులు తెల్లారకముందే లేచి
కిటికీ సందులోంచి చూస్తే దొరికింది.
గడప ముందు ఆగి
ఎడమ కాలి బొటనవేలితో కుడి చెప్పు మడమ నొక్కి
చప్పుడు కాకుండా విడుస్తాడు.
మేం నిద్రపోతుంటాం కదా.
ఇరవై నాలుగేళ్లు ఆ చప్పుడు వినలేదు,
ఎందుకు వినలేదో ఇప్పుడు గీయాల్సొచ్చింది.

ఆఖరి గడి.
ఈ కోర్సు ఎందుకు, మూడు వందల పదాల్లో, ఇంగ్లీషులో.
లెక్కలు మరాఠీలో చేస్తాను,
తిట్లు హిందీలో, కలలు తెలుగులో.
ఇంగ్లీషులో నాకు వచ్చినవి సెలవు చీటీలే.
చిన్నప్పటి నుంచి బొమ్మలంటే ఆసక్తి, అని రాసి కొట్టేశాను.
అందరూ అదే రాస్తారు.
చెప్పు సంగతి రాశాను. నూట పది పదాలకే అయిపోయింది.

విలాస్‌భావు ఝెరాక్స్ దుకాణంలో స్కానింగ్.
"మిల్లు మచ్చలు తుడిచెయ్యనా? ఫ్రీగానే."
వద్దన్నాను.
బయటికొచ్చాక అనుమానం,
చూసేవాళ్లకు అది మురికేనేమో.
వెనక్కి వెళ్లలేదు.

రాత్రి పదకొండున్నర. గడువు పన్నెండుకి.
ఫీజు కట్టి, పంపించు అని నొక్కాను.
తెర మధ్య గుండ్రం తిరుగుతోంది.
తిరుగుతూనే ఉంది.
పక్కన నాయిన, టార్చిలైటు పట్టుకుని,
కరెంటు పోతే అక్కరకొస్తుందని.
నేను లెక్కపెట్టాను,
ఆ గుండ్రంలో ఉన్నవి పన్నెండు చుక్కలే.
ఒక్కొక్కటి వెలుగుతుంది, పక్కది మసకేస్తుంది.
దీన్ని కూడా ఎవరో కూర్చుని గీసి ఉంటారు,
అని చెప్తే
నాయిన తెర దగ్గరికి వంగాడు.